ఆయిల్ దించే వాల్వ్: ఎంచుకునే ముందు ఏం చూడాలి?

సెస్నా 172 తొలిసారి ఎగిరింది 1955లో. ఆ తర్వాత 44 వేలకు పైగా తయారై, ప్రపంచంలో మరే విమానానికీ లేని సంఖ్యను అందుకుంది. ఫ్లయింగ్ స్కూళ్లలో పొద్దస్తమానం ఎగిరే ఈ నాలుగు సీట్ల విమానాలకు ఆయిల్ మార్చే పని తరచుగా పడుతుంది. ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కు 50 గంటలకోసారి, జాలీ మాత్రమే ఉన్నదానికి 25 గంటలకోసారి ఆయిల్ మార్చాలని ఇంజిన్ తయారీ సంస్థ లైకమింగ్ చెబుతుంది. విమానం షెడ్డు దాటకపోయినా నాలుగు నెలలకు మించి అదే ఆయిల్ ఉంచకూడదు. మండిన వాయువులు పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో తేమనూ ఆమ్లాలనూ చేరుస్తాయి. కదలకుండా నిలిచిన ఇంజిన్‌ను లోపలినుంచి తుప్పు పట్టించేవి ఇవే.

ఆయిల్ వేడిగా ఉండగానే దించాలి. అప్పుడే మలినాలు అడుగున పేరుకోకుండా దానితోపాటే బయటికి వస్తాయి. ఇంజిన్ కింది తొట్టికి, అంటే సంప్‌కు, మామూలు డ్రెయిన్ ప్లగ్ ఉంటే దాన్ని విప్పగానే కాగిన ఆయిల్ మెకానిక్ చేతుల మీద పడుతుంది. ప్లగ్ దానంతటదే వదులు కాకుండా కట్టిన సేఫ్టీ తీగను ప్రతిసారీ కత్తిరించి, కొత్తది మెలిపెట్టి బిగించాలి.

ఈ అవస్థ తప్పించేదే స్ప్రింగు వాల్వ్. దాని మూతికి గొట్టం తొడిగి, పైకి నొక్కి కాస్త తిప్పితే తెరుచుకుని అలాగే నిలబడుతుంది. ఆయిల్ చుక్క చిందకుండా డబ్బాలోకి దిగుతుంది. ధార మధ్యలో ఉండగా చిన్న సీసాతో నమూనా పట్టి, లోహపు అరుగుదల తెలుసుకునేందుకు ల్యాబ్‌కు పంపడం కూడా తేలికవుతుంది. వెనక్కి తిప్పి వదిలితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

మరి అది గాలిలో తెరుచుకుంటే? సెస్నా 172ఎస్ సంప్‌లో పట్టే ఆయిల్ 8 క్వార్టులు, సుమారు 7.6 లీటర్లు. 5 క్వార్టుల కన్నా తక్కువుంటే ఇంజిన్ నడపవద్దని విమానం పుస్తకమే హెచ్చరిస్తుంది. క్రాంక్ షాఫ్ట్ తిరిగేది బేరింగుల మీద పరుచుకున్న పలచని ఆయిల్ పొర ఆధారంగా. ఆయిల్ కారిపోయి ఆ పొర తెగితే లోహం లోహాన్ని ఒరుసుకుని ఇంజిన్ పట్టేస్తుంది. అమెరికా విమానయాన నిబంధనల్లో 23.1021 అనే సెక్షన్ చాలాకాలం ఈ సంగతినే పట్టుకుంది: డ్రెయిన్ చేతికి అందాలి, పొరపాటున తెరుచుకోని చోట ఉండాలి, లేదా దానికి రక్షణ ఉండాలి.

కాబట్టి ఎంపికలో మొదట చూడాల్సింది వాల్వ్ చుట్టూ ఉన్న జాగా. చక్రాలు లోపలికి ముడుచుకునే విమానాల్లో ముందు చక్రం కొన్నిసార్లు ఇంజిన్ కిందికే వచ్చి చేరుతుంది. పొడవుగా వేలాడే వాల్వ్‌కు చక్రంగానీ దాని కడ్డీగానీ తగిలితే అది పైకి నొక్కుకుపోతుంది. అక్కడ పొట్టి వాల్వ్ వేసుకోవాలి, లేదా పాత ప్లగ్‌నే ఉంచుకోవాలి. విమానాన్ని జాకీల మీద నిలిపి చక్రాలు ముడిచి చూస్తేగానీ ఎంత ఎడం ఉందో తేలదు.

తర్వాత మరలు. టేపర్ మరలు బిగిసేకొద్దీ వాటంతటవే లీకును ఆపుతాయి. నిటారు మరలకు ఆ పని వాషరు చేయాలి. ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. టేపర్ వాల్వ్‌ను బలంకొద్దీ బిగిస్తే సంప్ పోతలో పగులు రావచ్చు.

మూడోది ఓ-రింగ్. లైకమింగ్ ఇంజిన్లలో ఆయిల్ వేడి 118 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు. ఆ వేడికి నైట్రైల్ రబ్బరు క్రమంగా గట్టిపడి సాగే గుణం కోల్పోతుంది. ఫ్లోరోకార్బన్ రబ్బరు సుమారు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

కార్ల దుకాణంలో దొరికే వాల్వ్ మరలు సరిగ్గా సరిపోయినా, సర్టిఫైడ్ విమానానికి అది పనికిరాదు. ఆ ఇంజిన్‌కు ఆమోదం పొందిన భాగమే వేయాలి. మన దేశంలోనైతే డీజీసీఏ లైసెన్సున్న ఇంజినీరు దాన్ని పరిశీలించి సంతకం చేయాలి.

బిగించాక వాల్వ్‌కూ సేఫ్టీ తీగ తప్పదు. వాల్వ్ వదులవబోతే తీగ దాన్ని బిగుసుకునే వైపే లాగేలా కట్టాలి. కొత్త ఆయిల్ పోసి, కొద్ది నిమిషాలు నేలమీదే ఇంజిన్ నడిపి ఆపాక, వాల్వ్ మూతిని శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు తడి అంటితే లోపల ఇసుక రేణువో, లోహపు పొట్టో ఇరుక్కుని వాల్వ్ పూర్తిగా మూసుకోలేదేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు ఆయిల్ మళ్లీ దించి, వాల్వ్ విప్పి కడిగాకే విమానాన్ని రన్‌వే వైపు పంపాలి.