తక్కువ ఖర్చులో లెన్సు హుడ్డు ఎంచుకోవడం ఎలా?

గత సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవం నాడు సాయంత్రం అయిదు గంటలకు ఆటస్థలంలో గ్రూప్ ఫోటో దిగాం. ఆ నెలలోనే రిటైరవుతున్న వంట పెద్దమ్మను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాం. తీరా కంప్యూటర్లో చూసుకుంటే ఫోటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారి ఉంది. పెద్దమ్మ ముఖం మీద గుండ్రటి వెలుగు మచ్చలు పడ్డాయి. మర్నాడే ఆమె కూతురి ఊరికి వెళ్ళిపోయింది. టెన్త్ అన్నలు పరీక్షలు రాసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఆ అరవై మందీ మళ్ళీ ఒక్కచోట నిలబడరు. ఈ సంచికలో ఆ ఫోటో లేకపోవడానికి కారణం ఇదే.

కెమెరా మంచిదే. పూర్వ విద్యార్థులైన అన్నలు చందాలు వేసుకొని కొనిచ్చిన కెనాన్ 1500డి, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు. తప్పు మాదే. సూర్యుడు ఫోటోలో పడలేదు కాబట్టి ఫరవాలేదనుకున్నాం. కానీ కెమెరాకు ఎదురుగా, కొంచెం పక్కగా ఉన్నాడు. లెన్సుకు హుడ్డు లేదు. అప్పటి నుంచి దాని గురించి అడిగి తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుంటున్నాం.

హుడ్డు ఏం చేస్తుంది?

ఎండలో దూరంగా చూడాలంటే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాం కదా! హుడ్డు చేసే పనీ అంతే. లెన్సులో ఒకటి కాదు, చాలా అద్దాలుంటాయి. పక్క నుంచి పడిన ఎండ ముందు అద్దానికి తగిలి, లోపలి అద్దాల మధ్య అటూ ఇటూ కొట్టుకొని ఫోటో అంతా పరుచుకుంటుంది. అప్పుడు నలుపు నలుపుగా ఉండదు, రంగులు వెలిసిపోతాయి. దీన్నే ఫ్లేర్ అంటారు. లెన్సు మీద దుమ్ము, వేలిముద్రలు ఉంటే ఇంకా ఎక్కువవుతుంది. హుడ్డు ఆ పక్క వెలుతురును ఆపుతుంది. కెమెరా ఎక్కడైనా తగిలినా దెబ్బ ముందు హుడ్డుకే పడుతుంది. అయితే సూర్యుడే ఫోటోలో ఉంటే ఏ హుడ్డూ ఏమీ చేయలేదు.

కొనేముందు చూసుకోవలసినవి

మొదటిది, లెన్సు పేరు. 18-55 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మా లెన్సు 18-55 ఐఎస్ 2. దాని హుడ్డు నంబరు ఈడబ్ల్యూ-60సి. అదే కెనాన్‌లో 18-55 ఎస్‌టీఎం లెన్సుకు ఈడబ్ల్యూ-63సి కావాలి. నికాన్‌లో పాత 18-55 వీఆర్ లెన్సుకు హెచ్‌బీ-45, వీఆర్ 2 లెన్సుకు హెచ్‌బీ-69. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

రెండోది, ఆకారం. పూరేకుల్లా కత్తిరించిన హుడ్డు చూడటానికి బాగుంటుంది. మేం కూడా మొదట దానికే ఆశపడ్డాం. ఫోటో దీర్ఘచతురస్రం కాబట్టి మూలలకు అడ్డం రాకుండా అక్కడ కోసి ఉంచుతారు. కానీ మా లెన్సులో ఫోకస్ చేసినప్పుడు ముందు భాగం తిరుగుతుంది. దానితోపాటు హుడ్డూ తిరిగి, పొడవు రేకులు మూలలకు వచ్చి నల్లగా పడతాయి. అందుకే ఇలాంటి లెన్సుకు గుండ్రటి హుడ్డే సరైనది.

మూడోది, పొడవు. పొడవుంటే నీడ ఎక్కువని అనుకోకూడదు. 18 దగ్గర లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి పొట్టి హుడ్డు కావాలి. దూరపు ఫోటోల లెన్సుకు చేసిన పొడవు హుడ్డు దీనికి పెడితే నాలుగు మూలలూ చీకటే.

నాలుగోది, లోపలి రంగు. లోపల మెరవని నలుపు ఉండాలి. నిగనిగలాడితే అదే వెలుతురును లెన్సులోకి పంపిస్తుంది.

మరలు తిప్పి బిగించే రబ్బరు హుడ్డులు కూడా దొరుకుతాయి. వీటికి నంబరు అక్కరలేదు, లెన్సు ముందు వ్యాసం తెలిస్తే చాలు. సున్నాకు అడ్డగీత కొట్టిన గుర్తు పక్కన ఆ అంకె లెన్సు మీద రాసి ఉంటుంది. మా లెన్సుకు 58, పాత నికాన్ 18-55 వీఆర్‌కు 52 మిల్లీమీటర్లు. రబ్బరు కాబట్టి దెబ్బకు విరగదు. 18 దగ్గర వెనక్కి మడవాలి, 55 దగ్గర చాచాలి. ముందే ఫిల్టర్ బిగించి ఉంటే దాని మీద హుడ్డు ఇంకా ముందుకు వస్తుంది, మూలలు చీకటి కావచ్చు.

మేం ఎలా కొన్నాం?

తలా కొంత వేసుకుంటే 300 రూపాయలయ్యాయి. హైదరాబాదులో డిగ్రీ చదువుతున్న మన అన్నతో కలిసి కోఠి వెళ్ళాం. కంపెనీ హుడ్డుకు ఆ డబ్బులు చాలలేదు. అదే నంబరుకు సరిపోయేలా వేరేవాళ్ళు చేసిన ప్లాస్టిక్ హుడ్డు 180కి ఇచ్చారు. నీడపట్టే పనిలో రెండింటికీ మాకు తేడా కనిపించలేదు. చౌకవాటిలో చూడాల్సింది బిగింపు. తగిలించాక వదులుగా ఊగితే తీసుకోవద్దు.

లెన్సు వెంట లేకుండా హుడ్డు కొనబోవద్దు. దుకాణంలోనే తగిలించి, 18 దగ్గర పెట్టి, తెల్లగోడను ఫోటో తీసి నాలుగు మూలలూ చూడండి. కంటితో చూసే రంధ్రంలో చూసి సరే అనుకోవద్దు. మా కెమెరాలో అక్కడ కనిపించేది ఫోటోలో సుమారు 95 శాతమే.

డబ్బులు లేకపోతే?

నల్ల చార్టు పొట్టిగా కత్తిరించి, లెన్సు చుట్టూ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. తెల్లగోడ పరీక్ష చేసి, మూలలు నల్లగా వస్తే ఇంకొంచెం కత్తిరించండి. అదీ లేకపోతే పక్కనున్న తమ్ముణ్ణి నోటుపుస్తకం అడ్డం పెట్టమనండి. దాని నీడ లెన్సు అద్దం మీద పడాలి, పుస్తకం ఫోటోలో పడకూడదు. ఆ రోజు మాకీ సంగతి తెలిసి ఉంటే పైసా ఖర్చు లేకుండానే ఫోటో దక్కేది.

ఒక జాగ్రత్త. రాత్రి స్టేజీ కార్యక్రమాల్లో కెమెరా మీది ఫ్లాష్ వాడేటప్పుడు హుడ్డు తీసేయాలి. లేకపోతే దాని నీడ అర్ధచంద్రాకారంలో ఫోటో కింద పడుతుంది.

ఈ వార్షికోత్సవానికి పెద్దమ్మకు కబురు పంపాం. వస్తానంది. ఈసారి ఫోటో ఉదయం పూట, సూర్యుణ్ణి కెమెరా వెనక పెట్టుకొని, హుడ్డు తగిలించే తీస్తాం. పోయిన ఏడాది టెన్త్ అన్నలు ఎక్కడున్నా రావాలని కోరుతున్నాం. మీ స్థలం వెనక వరుసలో ఖాళీగా ఉంచుతాం.