చేతితో చేసిన క్రిస్మస్ కార్డు

క్రిస్మస్ పండుగకు బంధుమిత్రులు ఒకరికొకరు శుభాకాంక్షలు తెలుపుచు కార్డులు పంపుకొనుట పెక్కు దేశములలో ఆచారము. ఈ ఆచారము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1840వ సంవత్సరమున ఇంగ్లండులో తేలికయైన ఉత్తరమును ఒక్క పెన్నీ వెలతో దేశమున ఏ మూలకైనను పంపు ఏర్పాటు జరిగెను. దానితో ఉత్తరముల సంఖ్య విశేషముగా పెరిగెను. ఆ ఏర్పాటునకు తోడ్పడినవారిలో హెన్రీ కోల్ ఒకడు. 1843లో పండుగ సమీపించినపుడు, తనకు వచ్చిన ఉత్తరములన్నిటికి విడివిడిగా బదులు వ్రాయుటకు ఆయనకు తీరిక లేకపోయెను. అందుచే జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే ఒక బొమ్మ వ్రాయించి అచ్చు వేయించెను. నడుమ విందు ఆరగించుచున్న ఒక కుటుంబము, ఇరుప్రక్కల బీదలకు అన్నవస్త్రములొసంగు దృశ్యములు అందు కలవు. ఆ కార్డు వెల ఒక షిల్లింగు. వ్యాపారమునకై అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డు ఇదియే.

తీరిక లేమి నుండి అచ్చు కార్డు పుట్టినది. చేతితో చేసిన కార్డు అట్టిది కాదు. దానిని చేయుటకు వెచ్చించిన కాలమే అందలి కానుక.

దీనికి విలువైన పరికరములు అక్కరలేదు. కొంచెము దళసరి కాగితము, కత్తెర, కొలబద్ద, మైదాపిండితో కాచిన లై చాలును. మొదట కాగితము స్వభావము నెరుగవలెను. యంత్రముపై తయారైన కాగితములో పీచు చాలవరకు ఒకే దిశగా పరచుకొని యుండును. ఆ దిశగా మడచిన మడత నున్నగా వచ్చును. అడ్డముగా మడచిన అంచు పగులును. కాగితమును నిలువునను అడ్డమునను మెల్లగా వంచి చూచిన, ఏ వైపు సులభముగా వంగునో అదియే పీచు దిశ. మడవవలసిన చోట కొలబద్ద నానించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా ఒక గీత నొక్కవలెను.

తెరవగానే చెట్టు లేచి నిలుచు కార్డు చూడ ముచ్చటగా నుండును. 20 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పుగల కాగితమును పొడవు సగమగునట్లు మడవవలెను. మడత అంచు నడుమ, 2 సెంటీమీటర్ల ఎడముతో, 3 సెంటీమీటర్ల పొడవున రెండు గాట్లు కత్తిరింపవలెను. ఆ గాట్ల నడిమి పట్టీని ముందుకు వెనుకకు మడచి, కార్డును సగము తెరచి, పట్టీని లోపలికి త్రోయవలెను. అది మెట్టువలె నిలుచును. 6 సెంటీమీటర్ల ఎత్తుగల పచ్చకాగితమును నిలువుగా మడచి, చెట్టు ఆకారమున సగము మాత్రమే కత్తిరించి విప్పినచో రెండు ప్రక్కలును సమానముగా వచ్చును. దానిని మెట్టు ముందు భాగమునకు అంటింపవలెను. చెట్టు 7 సెంటీమీటర్లకు మించినచో కార్డు మూసినపుడు దాని కొన వెలికి వచ్చును.

పిమ్మట అదే కొలతగల మరియొక కాగితమును మడచి వెలుపల అంటించిన, గాట్ల వలన ఏర్పడిన సందు కనుపడదు. మెట్టునకు మాత్రము లై తగులరాదు. లై పలుచగా పూయవలెను. తడి ఎక్కువైన పీచు ఉబ్బి కాగితము ముడుతలు పడును. తడి ఆరువరకు బరువైన పుస్తకముల క్రింద ఉంచుట మేలు. తెలుగునాట క్రైస్తవ గృహముల ముంగిట వ్రేలాడు కాగితపు నక్షత్రమును పోలిన దానిని పైయట్టపై అంటింపవచ్చును. లోపల రెండు మాటలైనను స్వహస్తముతో వ్రాయవలెను.

సామగ్రి కొరవడెనని చింతింప పనిలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము యూనిసెఫ్ సంస్థ ఐరోపాలోని బాలలకు సహాయము చేసెను. చెకొస్లొవేకియా దేశపు ఏడేండ్ల బాలిక యొకతె అందులకు కృతజ్ఞతగా ఒక చిత్రము వ్రాసెను. కాగితము దొరకమిచే ఆమె దానిని గాజుపలకపై చిత్రించెను. ఒక స్తంభము చుట్టును బాలలు ఆనందముతో ఆడుచున్న ఆ చిత్రమే 1949లో ఆ సంస్థ మొదటి శుభాకాంక్షల కార్డయ్యెను. తదుపరి అట్టి కార్డుల విక్రయము వలన వచ్చిన ధనము అనేక దేశముల బాలలకు ఉపకరించినది. ఆ బాలికకు కాగితము లేకపోయెను గాని, చెప్పవలసిన మాట యున్నది. కార్డునకు కావలసినది ముఖ్యముగా అదియే.