మీకు తెలుసా? కుంచె పట్టి ఆడే గేమ్

'గేమ్ ఆఫ్ ద ఇయర్' అవార్డు గెలిచినవాటిలో అతి తక్కువగా అమ్ముడుపోయిన గేమ్‌గా గిన్నిస్ 2010 గేమర్స్ ఎడిషన్‌కి ఎక్కింది 'ఒకామి'. అంత మంచి ఆటకు దక్కాల్సిన రికార్డు కాదది!

2006లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఈ జపాన్ గేమ్‌లో మనం సూర్యదేవత అమతెరాసు, అదీ తెల్ల తోడేలు రూపంలో. బటన్ నొక్కితే ఆట ఆగిపోయి, తెర మొత్తం కాగితంలా మారుతుంది. అప్పుడు కుంచె మన చేతికొస్తుంది. ఆకాశంలో సున్నా చుడితే సూర్యుడు ఉదయిస్తాడు. ఎండిపోయిన చెట్టు చుట్టూ గీస్తే పూలు విరగబూస్తాయి. రాక్షసుడి మీద అడ్డంగా ఒక్క గీత గీస్తే కత్తివేటు పడ్డట్టే.

నిజానికి మొదట బొమ్మల్ని వాస్తవికంగా చూపాలనుకున్నారు. అంత బరువు కన్సోల్ మోయలేకపోవడంతో సంప్రదాయ సిరా చిత్రాల శైలికి మారారు. అదే మేలైంది, ఆ బొమ్మలు ఇవాళ్టికీ పాతబడలేదు. తయారుచేసిన క్లోవర్ స్టూడియో మాత్రం 2007లో మూతపడింది.

ఆరంభం కాస్త నెమ్మది, ఓపిక పట్టండి. 2017 నుంచి పీసీలోనూ దొరుకుతోంది. దర్శకుడు హిదెకి కామియా సారథ్యంలోనే సీక్వెల్ వస్తుందని 2024 డిసెంబర్‌లో ప్రకటించారు. అది వచ్చేలోగా మొదటిది ఆడేయండి.

అంత తీరిక లేదా? కెనడాకు వలసవెళ్లిన తమిళ కుటుంబం కథ చెప్పే గేమ్ 'వెన్బా' (2023) ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అమ్మ చేతిరాత చెరిగిపోయిన వంటల పుస్తకం చూసి ఇడ్లీ వండాలి. మనవాళ్లకు అందులో సగం విద్య ముందే వచ్చు!