రోజుకు గంటా నలభై నిమిషాలు

మన హోసూరు, కృష్ణగిరి తెలుగిళ్లలో ప్లస్ టూతోనే చదువు ఆపేసిన ఆడపడుచులు చాలామందే ఉన్నారు. పెళ్లి, పిల్లలు, ఆపైన "ఈ వయసులో చదువేమిటి?" అన్న మాట. కామర్స్ చదివిన బ్యాంకు ఉద్యోగిని కనుక వారికోసం ఓ చిన్న లెక్క వేశాను.

ఇంట్లో ఉండి చదవడం మనకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. 1985లో వచ్చిన ఇగ్నోలో బి.కాం. చేరడానికి వయోపరిమితి లేదు. మూడేళ్ల చదువును ఆరేళ్లలో ముగించవచ్చు. డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు. మొత్తం 3,600 గంటలు. ఆరేళ్లకు పంచితే రోజుకు గంటా నలభై నిమిషాలు!

2017లో మొదలైన 'స్వయం'లో ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. పరీక్షకు మాత్రం రుసుము కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాలి. విద్యాసంస్థ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. ఎక్కడ చేరినా, ఆ కోర్సుకు యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఫీజుకు వాయిదాలున్నా, సమయానికి అప్పు పుట్టదు. సాయంత్రం వంటింటి పనిలో ఆ గంటా నలభై నిమిషాలు ఎవరు అందుకుంటారో, అత్తగారో భర్తో, ముందు ఆ మాట తేల్చుకోండి. దరఖాస్తు ఆ తర్వాత.