సినిమాకు ముందు వచ్చే బొమ్మ

జపాన్ సినిమా మొదలయ్యేటప్పుడు తెర మీద ముందుగా ఒక బొమ్మ వస్తుంది. అప్పటికి కథ మొదలు కాదు కాబట్టి చాలామంది దాన్ని పట్టించుకోరు. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఉంటారు. కానీ ఆ కొద్ది క్షణాల్లోనే సినిమా తీసిన సంస్థ తన పేరు చెప్పుకుంటుంది. ఆ బొమ్మనే లోగో అంటాం. నాలుగు పెద్ద స్టూడియోల లోగోలు చూద్దాం. వాటి వెనక ఉన్న పేర్ల కథ కూడా తెలుసుకుందాం.

మూడు రాళ్లు, కెరటాలు

తోయెయ్ స్టూడియో 1951లో ఏర్పడింది. డ్రాగన్ బాల్ సినిమాలు చూసినవాళ్లకు దీని లోగో తెలిసే ఉంటుంది. సముద్రంలో మూడు రాళ్లు ఉంటాయి. కెరటాలు వచ్చి వాటిని బలంగా కొడతాయి. తెల్లని నురగ పైకి లేస్తుంది. ఆ నురగలోంచి మూడు మూలల గుర్తు ఒకటి ముందుకు వస్తుంది.

ఇది చేత్తో గీసిన సముద్రం కాదు. తోక్యోకు తూర్పున, చోషి అనే ఊరి దగ్గర ఇనుబోసాకి తీరం ఉంది. ఆ అలలను అక్కడే చిత్రీకరించారు. రాళ్లు మూడే ఎందుకు? మూడు చిన్న సంస్థలు కలిసి తోయెయ్ అయ్యాయి. ఎంత పెద్ద కెరటం కొట్టినా కలిసి నిలబడతాం అని ఆ రాళ్లు చెబుతాయి.

అన్నదమ్ముల పేరు

షోచికు లోగోలో ఫూజీ పర్వతం కనిపిస్తుంది. ఈ సంస్థ 1895లో నాటకాలతో మొదలైంది. సినిమాలు తీయడం 1920లో మొదలుపెట్టింది. దీన్ని నడిపినవాళ్లు ఇద్దరు కవలలు. ఒకరి పేరు మత్సుజిరో, ఇంకొకరి పేరు తాకెజిరో. 'మత్సు' అంటే పైన్ చెట్టు. 'తాకె' అంటే వెదురు. ఆ రెండు అక్షరాలు కలిపి సంస్థకు పేరు పెట్టారు.

మరి 'మత్సుతాకె' అనాలి కదా, 'షోచికు' ఎలా అయింది? జపాన్ వాళ్లు చైనా నుంచి వచ్చిన అక్షరాలను కూడా వాడతారు. ఒకే అక్షరానికి జపాన్ పలుకు ఒకటి, చైనా నుంచి వచ్చిన పలుకు ఇంకొకటి ఉంటాయి. మొదట్లో ఈ పేరును 'మత్సుతాకె' అనే పలికేవారు. తర్వాత అవే అక్షరాలను 'షోచికు' అని చదవసాగారు. పలుకు మారింది గాని, అన్నదమ్ములిద్దరూ ఆ పేరులో అలాగే ఉన్నారు.

వెలుగు కిరణాలు

తోహో లోగోలో ఒక గుండ్రని గుర్తు ఉంటుంది. దాని చుట్టూ రంగురంగుల కిరణాలు మెరుస్తాయి. గాడ్జిల్లా మొదటి సినిమా, కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్' రెండూ 1954లో ఈ లోగోతోనే వచ్చాయి.

ఈ పేరులోనూ ఒక ఊరు దాగి ఉంది. కొబయాషి ఇచిజో అనే ఆయన ఒక రైలు మార్గం నడిపేవాడు. ఆ రైళ్లు ఒసాకా నుంచి తకరజుకా అనే ఊరికి వెళ్లేవి. ప్రయాణికులను రప్పించడానికి ఆయన ఆ ఊళ్లో అమ్మాయిల నాటక బృందం పెట్టాడు. వాళ్ల మొదటి ప్రదర్శన 1914లో జరిగింది. తర్వాత 1932లో తోక్యోలోనూ ఒక సంస్థ ప్రారంభించాడు. తోక్యోలోని 'తో', తకరజుకాలోని మొదటి అక్షరం కలిస్తే 'తోహో' అయింది. ఆ మొదటి అక్షరానికి నిధి అని అర్థం. ఊరి పేరులో దాన్ని 'తకర' అంటారు, సంస్థ పేరులో 'హో' అంటారు.

తప్పుగా పలికిన గాలి

జిబ్లీ స్టూడియో 1985లో మొదలైంది. దీని లోగో నీలం రంగులో ఉంటుంది. పక్కకు తిరిగిన తొతొరో బొమ్మ గీతల్లో కనిపిస్తుంది. తొతొరో అంటే 1988లో వచ్చిన సినిమాలోని అడవి ప్రాణి. ఈ లోగోలో కెరటాలు, కిరణాలు ఏమీ ఉండవు. బొమ్మ కదలకుండా నిశ్శబ్దంగా ఉంటుంది.

పేరు మాత్రం దూరం నుంచి వచ్చింది. సహారా ఎడారిలో వీచే వేడిగాలిని ఇటలీ వాళ్లు 'గిబ్లి' అంటారు. ఒక ఇటలీ విమానానికి ఆ పేరే పెట్టారు. దర్శకుడు మియజాకికి విమానాలంటే ఎంతో ఇష్టం. ఆ పేరునే తన స్టూడియోకు తెచ్చుకున్నాడు. కానీ జపాన్‌లో అది 'జిబురి' అయింది. ఇటలీ వాళ్ల ప్రకారం అది తప్పు పలుకు. అయినా ఈరోజు లోకమంతా ఆ స్టూడియోను గుర్తుపట్టేది ఆ పలుకుతోనే.

మన పేర్ల సంగతి

ఇలా మారిన పేర్లు మనకు కొత్త కాదు. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. కూలి ఒప్పందం మీద మనవాళ్లు దక్షిణాఫ్రికాకు రావడం ఆ ఓడతో మొదలైంది. తెలుగు తెలియని గుమాస్తాలు మన పేర్లను తమకు వినిపించినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నారు. అలా 'నాయుడు' చివర రెండు 'ఓ'లు చేరి 'నాయిడూ' అయింది. ఇప్పుడు అక్కడ పిల్లలకు బడిలో నేర్పేది ఆ రూపమే.

మారిన రూపం కూడా మనదే. దానికి సిగ్గుపడనక్కరలేదు. కానీ షోచికు పేరులోని అన్నదమ్ములు ఇంకా తెలుస్తున్నారంటే కారణం ఒకటే: ఆ అక్షరాలను అలాగే ఉంచారు. మనవాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగు అక్షరాలు మిగల్లేదు. పాత పలుకు తెలిసిన తాతలు, అమ్మమ్మలు ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకని ఈ నెల ఒక పని చేయండి. మీ ఇంటిపేరు తెలుగులో ఎలా పలకాలో పెద్దవాళ్లను అడగండి. దాన్ని తెలుగు అక్షరాల్లో రాసి, వాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు దిద్దితే మళ్లీ రాయండి.