దురద తగ్గిందని ఆ ట్యూబే రాస్తున్నారా..? తామర లోపల పాకుతోంది జాగ్రత్త!

వరి నాట్లు, రొయ్యల చెరువుల పనితో రోజంతా తడిలో ఉండే కృష్ణా డెల్టాలో తామర కొత్తేం కాదు. కూచిపూడి, గుడివాడ, అవనిగడ్డ.. ఎక్కడైనా ఉక్కపోతకు గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రటి మచ్చ, దురద. వెంటనే మందుల షాపుకెళ్లి ట్యూబ్ అడుగుతాం. రెండు రోజులకే దురద మాయం! అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసోల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. వాపును, ఎరుపును అణచడమే దాని పని. ఫంగస్‌తో పోరాడే ఒంటి రక్షణనూ అదే అణిచేస్తుంది. దురద పోతుంది గానీ, ఫంగస్ పాకుతూనే ఉంటుంది. రాయడం ఆపగానే మునుపటి కంటే ఎక్కువ మేర తిరగబెడుతుంది. పైగా గుండ్రటి అంచు చెరిగిపోయి, అది తామరేనని గుర్తుపట్టడం డాక్టర్లకూ కష్టమవుతుంది. దీనికి వైద్యంలో 'టీనియా ఇన్‌కాగ్నిటో' అని పేరే ఉంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. అవి ఇక పూర్తిగా పోవు. తెల్లబడతామని ముఖానికి రాసుకునేవాళ్లకు మొటిమలు, ఎర్రదనం అదనం.

కేంద్రం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడిగే షాపులెన్నో మీకే తెలుసు!

అలాగని స్టెరాయిడ్ అంటేనే భయపడక్కర్లేదు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి డాక్టర్లు రాసేది ఇదే. చూపుడు వేలి చివరి గీత నుంచి కొస వరకు పిండిన క్రీమ్ సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు అది చాలు. మాత్రలైతే మరీ జాగ్రత్త. షుగర్ పెరుగుతుంది. వారాల తరబడి వేసుకుని ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడంతో ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాల్సిందే.

ఇప్పటికే నెలలుగా ట్యూబులు రాస్తున్నవాళ్లు ఆ ఖాళీ ట్యూబ్ పారేయకుండా చర్మ వైద్యుడికి చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా మచ్చలుంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. తువ్వాళ్లు, లుంగీలు ఎవరివి వాళ్లకే.

ఇంకో మాట. రొయ్యలు తిన్నాక పెదాలు వాచి, ఊపిరాడకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది. అప్పుడు ముందు పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.