ఒక నేతగాండ్ర ఇంటి వంశావళి

బైబిలులో వంశావళులు వచ్చిన చోట మనలో చాలామందిమి పేజీలు తిప్పేస్తాము. కుటుంబ ప్రార్థనలో వంతుల ప్రకారము చదివేటప్పుడు, మొదటి దినవృత్తాంతములు వంతు వచ్చిన పిల్లవాడి మొగము చూస్తే జాలి వేస్తుంది. కాని ఆ గ్రంథము 4వ అధ్యాయము 21వ వచనము దగ్గర కొంచెము ఆగవలసి ఉన్నది. యూదా గోత్రపు పేర్ల నడుమ సన్నని బట్టలు నేసే ఒక ఇంటివారి ప్రస్తావన అక్కడ ఉన్నది. ముందు అధ్యాయమంతా దావీదు వంశపు రాజులు. ఈ అధ్యాయములో నేతగాండ్రు.

ఈ నెల మేము చెప్పబోయేది అటువంటి మరొక ఇంటి సంగతి. ఇప్పటి జర్మనీలోని క్రేఫెల్డ్ నుండి అమెరికాలోని పెన్సిల్వేనియాకు తరలిపోయిన కుటుంబము అది. ఇంటిపేరు ఆప్ డెన్ గ్రాఫ్. కాలువ గట్టున ఉండేవారని దానికి అర్థము చెబుతారు. మన ఇంటిపేర్లలో ఊళ్ళు, చెరువులు, తోటలు ఉన్నట్లే ఇదీను.

ఈ వంశములో మనకు బాగా తెలిసిన పూర్వికుడు హెర్మన్. 1585లో ఆల్డెకెర్క్ అనే చోట పుట్టి, తరువాత క్రేఫెల్డ్‌లో స్థిరపడ్డాడు. ఆయన మెన్నోనైట్ సంఘ పెద్ద. యుక్తవయస్సులో విశ్వసించి బాప్తిస్మము పొందాలని, ఒట్టు పెట్టుకోరాదని, కత్తి పట్టరాదని నమ్మిన ఆ ప్రజలను ఐరోపాలో ఎన్నో చోట్ల హింసించారు. ఆరెంజ్ ప్రభువుల ఏలుబడిలో ఉన్న క్రేఫెల్డ్‌లో వారికి కాస్త నెమ్మది దొరికింది. 1632లో డోర్‌డ్రెక్ట్ పట్టణములో మెన్నోనైట్లు తమ విశ్వాస ప్రమాణమును వ్రాసుకొన్నప్పుడు సంతకము చేసినవారిలో హెర్మన్ ఒకరు. మన మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి ప్రాంతాల మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు రష్యా, అమెరికా మిషనరీల ద్వారా వచ్చినవే అయినా, వాటి వేళ్ళు కూడా ఆ పాత డచ్చి మెన్నోనైట్ల దగ్గరకే పోతాయి.

హెర్మన్ దంపతులకు 18 మంది పిల్లలని కుటుంబపు పాత వ్రాతలు చెబుతున్నవి. హెర్మన్ తండ్రి ఒక డ్యూకు ప్రభువుకు రహస్యముగా పుట్టిన కొడుకని ఒక కథ కూడా ప్రచారములో ఉన్నది. దానికి రుజువు లేదు. వంశవృక్షము వ్రాసుకొనే ప్రతివారికి పైకొమ్మన ఒక రాజు కనబడాలనే ఆశ ఉంటుంది కాబోలు! మాకు మాత్రము ఆ డ్యూకు కంటే మగ్గము ముందు కూర్చున్న మనుమలే గొప్పగా తోస్తారు.

ఆ మనుమలు హెర్మన్, డిర్క్, అబ్రాహాము అనే ముగ్గురు అన్నదమ్ములు. తండ్రి పేరు ఇస్సాకు గనుక పాత కాగితాలలో వీరిని 'ఇస్సాకు కొడుకు అబ్రాహాము' అన్నట్లు వ్రాశారు. బైబిలు క్రమము ఇక్కడ తారుమారైనందుకు పాఠకులు నవ్వుకోవచ్చు. నారబట్టల నేత వారి వృత్తి. వీరు మెన్నోనైట్ ఇంట పుట్టి క్వేకర్లలో చేరారు. క్రేఫెల్డ్‌లో మెన్నోనైట్లను సహించినవారు క్వేకర్లను సహించలేదు. 1679లో కొందరిని ఊరి నుండి వెళ్ళగొట్టారు. అంతలో 1681లో విలియం పెన్ అనే ఇంగ్లీషు క్వేకరుకు అమెరికాలో పెద్ద భూభాగము దక్కింది. మనస్సాక్షి ప్రకారము ఆరాధించుకొనే స్వేచ్ఛ అక్కడ ఉంటుందని ఆయన మాట ఇచ్చాడు.

1683 జూలై 24న 13 కుటుంబాలు ఇంగ్లాండు రేవులో కాంకర్డ్ అనే ఓడ ఎక్కాయి. వారిలో ఎక్కువమంది నేతగాండ్రే. అక్టోబరు 6న ఫిలడెల్ఫియాలో దిగారు. అన్నదమ్ముల వెంట వచ్చిన ముసలి తల్లి కొద్ది వారాలకే కన్నుమూసింది. ముందే చేరుకొన్న పాస్టోరియస్ అనే న్యాయశాస్త్ర పండితుడు నేలలో త్రవ్వుకొన్న మాళిగలో అందరూ కూడి చీట్లు వేసి స్థలాలు పంచుకొన్నారు. ఆ ఊరే జర్మన్‌టౌన్. మొదట్లో ఎంత బీదరికమంటే, దానిని 'పేదల ఊరు' అని ఎగతాళి చేసేవారట. ఆ తరువాత ఊరి ముద్ర మీద ద్రాక్షతీగ, నార, నేత కండె చిత్రించుకొన్నారు. శ్రేష్ఠమైన నారబట్టకు గవర్నరు ప్రకటించిన బహుమానము తనకు ఇప్పించమని 1686లో అబ్రాహాము అర్జీ పెట్టాడు. పనితనము మీద అంత ధీమా!

ఇక అసలు విషయము. ఆ రోజుల్లో పెన్సిల్వేనియాలోని క్వేకర్లు కొందరు ఆఫ్రికా నుండి తెచ్చిన మనుష్యులను కొని దాసులుగా పెట్టుకొన్నారు. స్వయముగా విలియం పెన్ దగ్గరే దాసులు ఉన్నారు. తమకు ఆశ్రయమిచ్చినవారిని, తమ సరుకు కొనేవారిని తప్పుపట్టడము వలసవచ్చిన పేదవారికి సులువు కాదు. అయినా 1688 ఏప్రిల్‌లో జర్మన్‌టౌన్‌లోని నలుగురు ఒక విన్నపము వ్రాసి సంతకాలు చేశారు. గెరెట్ హెండ్రిక్స్, పాస్టోరియస్, మన డిర్క్, అబ్రాహాము. అన్న హెర్మన్ సంతకము అందులో లేదు.

వారికి వచ్చీరాని ఇంగ్లీషులోనే వ్రాశారు గాని అడిగిన సంగతులు సూటిగా ఉన్నవి. మత్తయి 7:12లో ప్రభువు చెప్పిన మాట రంగును బట్టి మారుతుందా? దొంగిలించిన మనుష్యులను కొనడము దొంగసొత్తు కొనడము కాదా? భార్యాభర్తలను విడదీసి వేర్వేరుగా అమ్మి వారిని వ్యభిచారములోకి నెట్టేవారు వ్యభిచారము పాపమని ఎట్లా బోధిస్తారు? ఐరోపాలో విశ్వాసము కొరకు మనలను అణచారు, ఇక్కడ మనము రంగు కొరకు వీరిని అణచవచ్చునా?

ఆ కాగితము మొదట నెల కూటమునకు పోయింది. విషయము చాలా బరువైనదని వారు మూడు నెలల కూటమునకు, వారు బర్లింగ్‌టన్‌లో జరిగిన వార్షిక కూటమునకు పంపారు. ఇతర ప్రాంతాలతో ముడిపడిన సంగతి గనుక తీర్పు చెప్పుట తగదని వార్షిక కూటము ప్రక్కన పెట్టింది. సంఘ కమిటీలలో కూర్చున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు! దాసులను ఉంచుకొనరాదని ఆ కూటమే నిషేధించేసరికి 1776 వచ్చింది. సంతకము చేసిన నలుగురూ ఎప్పుడో వెళ్ళిపోయారు. డిర్క్ 1697లోనే మరణించాడు. అబ్రాహాము జర్మన్‌టౌన్ విడిచి పెర్కియోమెన్ ప్రాంతానికి పోయి 1731లో కన్నుమూశాడు.

ఇంగ్లీషువారి నాలుకకు ఆ ఇంటిపేరు తిరగక అప్‌డెగ్రాఫ్, అప్‌డెగ్రోవ్ అని రకరకాలుగా మారింది. 1903 నుండి 1907 వరకు పెన్సిల్వేనియా గవర్నరుగా ఉన్న శామ్యూల్ పెన్నీప్యాకర్ అబ్రాహాము సంతతివాడే. జర్మన్‌టౌన్ స్థాపన గురించి 1899లో పుస్తకము వ్రాసి, ఈ నేతగాండ్ర సంగతి వెలికి తెచ్చినవారిలో ఆయన ఒకరు.

ఆ విన్నపము మరుగునపడి 1844లో దొరికింది. మళ్ళీ కనబడకుండా పోయి, 2005లో ఫిలడెల్ఫియాలోని క్వేకర్ల మందిరపు భద్రపు గదిలో బయటపడింది. ఇప్పుడు హావర్‌ఫర్డ్ కాలేజీలో దాచారు. అంచులు చిరిగిన ఆ కాగితము అడుగున అన్నదమ్ముల సంతకాలు రెండూ ఉన్నవి. ఇంటిపేరు అక్షరాలు మాత్రము ఒకరివి ఒక విధముగా, ఇంకొకరివి ఇంకొక విధముగా.